బఫరింగ్‌లో బడిపంతులు

45 రోజుల్లో టీచరు కావచ్చు. ఇల్లు కదలక్కర్లేదు, చీర మార్చక్కర్లేదు. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా పిల్లల మనోవిజ్ఞానం చెప్పిన పియాజే కూడా ఉడికిపోతాడు. ఫీజు 14,999 రూపాయలని రాసి, దాని మీద ఎర్రగీత కొట్టి, కింద 1,499 అని వేస్తారు. అదీ ఈ రాత్రి పన్నెండింటి వరకే. కరీంనగర్ నుంచి కాగజ్‌నగర్ దాకా ఫోనున్న ప్రతి ఇంట్లోనూ ఆ రాత్రి పన్నెండు నెలల తరబడి కొడుతూనే ఉంది. ఒక్కనాడూ తెల్లారిన పాపాన పోలేదు.

ఈ ప్రకటనకు ఎవరి ఫోనులోకి దూరాలో బాగా తెలుసు. జగిత్యాలలో పెనిమిటి దుబాయి పోతే, డిగ్రీ సర్టిఫికెట్టును బీరువాలో పట్టుచీరల కింద దాచుకున్న కోడలికి వస్తుంది. సిరిసిల్లలో సాంచెల చప్పుడు నడుమ ఎమ్మెస్సీ చదివిన పిల్లకు వస్తుంది. హైదరాబాదులో కంపెనీ పీకేస్తే ల్యాప్‌టాపు సంచితో గోదావరిఖని బస్సెక్కిన ఇంజనీరుకు వస్తుంది. చివరికి ఇరవై ఏళ్ళు ప్రైవేటు బడిలో పాఠం చెప్పి, కరోనాలో బడి మూతపడి రోడ్డున పడ్డ సారుకు కూడా 'పాఠం చెప్పడం నేర్చుకోండి' అని వస్తుంది. 2021 ఏప్రిల్‌లో ఆ సారు కష్టం చూసి కేసీఆర్ ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తానంది. ఇప్పుడు యాప్ వాళ్ళు సర్టిఫికెట్టు ఇస్తామంటున్నారు. బియ్యమే నయం, వండుకోవచ్చు.

పైసలు కట్టగానే మెసేజ్ వస్తుంది: 'అభినందనలు, భావి భారత నిర్మాతా!' భావి భారత నిర్మాతకు అప్పగించే మొదటి పని ఓటీపీ చెప్పడం. ఆ తర్వాత కోటు వేసుకున్న ఒకాయన తెర మీదికి వస్తాడు. ఆయన వెనక పుస్తకాల అలమర ఉంటుంది, కాకపోతే అది అలమర కాదు, అలమర బొమ్మ. పియాజే, వైగాట్‌స్కీ, స్కిన్నర్ ముగ్గురినీ మూడు వీడియోల్లో గట్టెక్కిస్తాడు. స్కిన్నర్ పావురాల చేత పని చేయించడానికి గింజలు వేశాడు కదా, ఇక్కడ ప్రతి వీడియో చివర ఒక బ్యాడ్జి వేస్తారు. పావురాలకు కనీసం గింజలు దక్కాయి.

నాలుగో వీడియో తరగతి గదిని అదుపులో పెట్టడం గురించి. అందులో పిల్లలుంటారు, అందరూ బొమ్మ పిల్లలే. ఒక్కరికీ ముక్కు కారదు. ఒక్కరూ లేచి చిటికెన వేలు చూపించరు. 'టీచర్, వీడు నా పిన్సిల్ గుంజుకున్నడు' అని ఏడవరు. మధ్యాహ్నం గుడ్డు చిన్నదొచ్చిందని అలగరు. ప్రశ్న అడిగితే అన్ని చేతులూ ఒక్కసారే లేస్తాయి. మన జిల్లాల్లో ఇలాంటి తరగతి ఇన్‌స్పెక్షన్ రోజు తప్ప ఇంకెప్పుడూ కనబడలేదు.

వీడియో అయ్యాక పరీక్ష. 'ఒక పిల్లవాడు ఏడుస్తున్నాడు. మీరేం చేస్తారు? ఎ) కొడతాను. బి) పట్టించుకోను. సి) ఇంటికి పంపేస్తాను. డి) ప్రేమగా కారణం అడిగి తెలుసుకుంటాను.' కొట్టే అలవాటున్నవాళ్ళు కూడా డి నొక్కుతారు. నొక్కినవాళ్ళందరికీ బాలల మనోవిజ్ఞానంలో నూటికి నూరు. పిల్లవాడు మాత్రం ఇంకా ఏడుస్తూనే ఉంటాడు, అది సిలబస్‌లో లేదు.

ఇక ప్రాక్టీస్ టీచింగ్. పది నిమిషాల పాఠం చెప్పి వీడియో అప్‌లోడ్ చేయాలి. మా వాడకట్టులో ఒక వదినె ఆ యజ్ఞం చేసింది. అత్తమ్మ ఫోను పట్టుకుంది. పక్కింటి పిల్లగాణ్ణి చిప్స్ ప్యాకెట్టు మీద కిరాయికి తెచ్చారు. ప్యాకెట్టు ఖాళీ కాగానే వాడు మూతి తుడుచుకుని లేచి పోయాడు. మిగిలిన సగం పాఠం ఆమె గోడకు చెప్పింది. ఆకులు ఎండను ఎట్లా అన్నంగా మార్చుకుంటాయో అంత శ్రద్ధగా విన్న గోడ ఇంకోటి ఉండదు. 'ఏ ప్లస్' వచ్చింది. పిల్లగాడు చివరిదాకా ఉండి ఉంటే మార్కులు తగ్గేవేమో, వాడు అడ్డమైన ప్రశ్నలు వేసే రకం.

అసైన్‌మెంట్లు కూడా ఉంటాయి. వాటిని ఏఐ రాస్తుంది, ఏఐ దిద్దుతుంది. మధ్యలో పైసలు కట్టే పనొక్కటి ఇంకా మనిషికి మిగిల్చారు. దీని సంగతి కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు బీడీలు చేసే అమ్మలకు చెబితే ఒక్క మాటలో అందుకుంటారు: తునికాకు ఉంది, దారం ఉంది, మీద లేబులుంది, లోపల తంబాకు లేదు. అలాంటి కట్టను బీడీల సేటు పక్కన పారేసి కూలి కోస్తాడు. ఇక్కడైతే దానికి ఫ్రేము కట్టిస్తారు.

'ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందా సార్?' అని వదినె ఫోను చేసి అడిగింది. 'మాది ఇంటర్నేషనల్ మేడం' అన్నాడు అవతలాయన. ఇంటర్నేషనల్ అంటే మన దేశంలో చెల్లదని గౌరవంగా చెప్పడం. 1993లో పార్లమెంటు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అదే ఎన్‌సీటీఈ, కోసం చట్టం చేసింది. బీఈడీ, డీఈడీ లాంటి టీచరు చదువులకు గుర్తింపు ఇవ్వాల్సింది ఆ మండలే. మొత్తం ఆన్‌లైన్‌లో చేసిన బీఈడీని అది గుర్తించదు. దూరవిద్యలో బీఈడీ ఉంది గాని, అది అప్పటికే శిక్షణ పొంది ప్రాథమిక బడుల్లో పనిచేస్తున్నవాళ్ళ కోసం, లేకుంటే అంతకుముందే కాలేజీకి పోయి టీచరు శిక్షణ పూర్తిచేసినవాళ్ళ కోసం. అంటే దూరం నుంచి నేర్చుకోవాలంటే ముందు దగ్గర నుంచి నేర్చుకుని ఉండాలి. ఈ చిన్న షరతు ప్రకటనలో ఎక్కడుంటుందంటే, చదవాలంటే ముందు కళ్ళద్దాల దుకాణానికి పోవాల్సినంత చిన్న అక్షరాల్లో ఉంటుంది.

120 గంటల ఇంగ్లిషు టీచరు కోర్సులది ఇంకో ముచ్చట. ఇది చేస్తే వియత్నాంలో, థాయిలాండ్‌లో పిల్లలకు ఇంగ్లిషు చెప్పొచ్చని రంగుల ఫోటో చూపిస్తారు. అక్కడి బడులు చాలామటుకు ఇంగ్లిషు పుట్టిల్లుగా ఉన్న దేశాల పాస్‌పోర్టు అడుగుతాయన్న సంగతి ఫోటోలో పట్టలేదు. పోనీ, ఆన్‌లైన్‌లో నేర్చుకున్నది ఆన్‌లైన్‌లోనే చెబుదామా? 2020 ఆగస్టులో బైజూస్ 30 కోట్ల డాలర్లు పోసి వైట్‌హ్యాట్ జూనియర్‌ను కొన్నది. ఇంట్లో కూర్చుని పిల్లలకు కోడింగ్ చెప్పే ఆడవాళ్ళే దానికి బలమన్నారు, ఇక బడులకు తాళాలే అన్నారు. 2024 జులైలో తాళం బైజూస్‌కే పడేంత పనై, కేసు దివాలా కోర్టుకెక్కింది. బడులు మాత్రం పొద్దున్నే గంట కొడుతూనే ఉన్నాయి.

ఇంతసేపూ ప్రైవేటు వాళ్ళనే కడిగాం. కాని ఈ వ్యాపారానికి పెద్దన్న ఢిల్లీలో ఉన్నాడు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. శిక్షణ లేని టీచర్లందరూ అయిదేళ్ళలో, అంటే 2015 మార్చి 31లోగా శిక్షణ పొందాలంది. ఆ తేదీ వచ్చింది, పోయింది. ప్రభుత్వం ఇంకో రెండేళ్ళు కునుకు తీసి, 2017 ఆగస్టులో ఉలిక్కిపడి లేచి చట్టం సవరించింది. గడువు 2019 మార్చి 31కి పోయింది. మరి దేశమంతటా అన్ని లక్షల మందికి ఏడాదిన్నరలో శిక్షణ ఎవరివ్వాలి? జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఎన్‌ఐఓఎస్‌కు అప్పగించారు. స్వయం అనే పోర్టల్, టీవీలో స్వయంప్రభ 32వ చానెల్, వారాంతాల్లో ఏదో ఒక సెంటరులో కాసేపు ముఖాలు చూసుకోవడం. రెండేళ్ళ డిప్లొమా 18 నెలల్లో అయిపోయింది. 12 లక్షల మందికి పైగా పేర్లు రాయించుకున్నారు. ప్రపంచంలో ఇంత పెద్ద టీచరు శిక్షణ ఎక్కడా జరగలేదని చప్పట్లు కొట్టుకున్నారు. అంత పెద్దది జరిగి ఉండకపోవడానికి బహుశా మిగతా ప్రపంచానికి కారణాలుండి ఉంటాయి.

తర్వాత కథ వినండి. ఆ డిప్లొమా పట్టుకుని 2019లో బీహార్‌లో కొందరు సర్కారు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టారు. ఎన్‌సీటీఈ 18 నెలలది చెల్లదంది. 2020 జనవరిలో పాట్నా హైకోర్టు చెల్లుతుందంది. 2023 నవంబరులో సుప్రీంకోర్టు అది రెండేళ్ళ డిప్లొమాకు సమానం కాదంది. 2024 డిసెంబరులో మళ్ళీ సుప్రీంకోర్టే, 2017 ఆగస్టు 10 నాటికి ఉద్యోగంలో ఉండి గడువులోగా పూర్తిచేసినవాళ్ళకు చెల్లుతుందని తేల్చింది. కోర్సు ఏడాదిన్నర, దానికి విలువ ఉందా లేదా అని తేలడానికి అయిదేళ్ళు. అమ్మింది సర్కారు, గుర్తించాల్సింది సర్కారు, సందేహపడింది సర్కారు. కొన్నవాడు మాత్రం ఫైలు చంకలో పెట్టుకుని కోర్టు మెట్ల మీద కూర్చున్నాడు. యాప్ వాడిని మోసగాడు అనాలంటే నాలుక కాస్త తడబడేది ఇక్కడే. వాడు కనీసం ఇంటర్నేషనల్ అని ముందే హెచ్చరించాడు.

పనిచేస్తున్న సర్కారు సార్ల శిక్షణ కూడా ఫోనులోకే వచ్చింది. దీక్ష యాప్, నిష్ఠ కోర్సులు. పేర్లు వింటే ఎవరో సన్యసిస్తున్నారనిపిస్తుంది. ఎదురుగా పిల్లలు కూర్చుని ఉండగా, పిల్లలతో ఎలా మెలగాలో సారు ఫోనులో చూడాలి. సారు తెలివైనవాడు. ఫోనును బల్ల మీద పెడతాడు, అది తనంతట తాను శిక్షణ పొందుతుంటుంది, ఆయన పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటాడు. గంట కొట్టేసరికి ఇద్దరి పనీ అయిపోతుంది. సర్టిఫికెట్టు మీద సారు పేరు వేస్తారు గాని, న్యాయంగా చూస్తే ఫోను పేరు వేయాలి.

ఇక్కడ తెలుగువాళ్ళుగా మనం రొమ్ము విరుచుకోవాల్సిన మాట ఒకటుంది. ఇంట్లో కూర్చుని టీచరయ్యే విద్య ఇంటర్నెట్టుతో రాలేదు. కాలేజీ గడప తొక్కకుండా బీఈడీ పూర్తిచేసే పద్ధతిని మన ప్రైవేటు కాలేజీలు వైరు అవసరం లేకుండానే నడిపాయి. హాజరుకు ఒక రేటు, రికార్డులకు ఒక రేటు, ప్రాక్టికల్స్ రోజున మొహం చూపించడానికి ఒక రేటు. ఈ సౌకర్యం కోసం పక్క రాష్ట్రాల నుంచి రైళ్ళెక్కి వచ్చినవాళ్ళున్నారు. 2015 నుంచి బీఈడీని ఏడాది నుంచి రెండేళ్ళు చేశారు. శిక్షణ గట్టిపడాలని చేశారు, రాకుండా ఉండే కాలం రెట్టింపైంది. యాప్ వాడు కొత్తగా చేసిందేమీ లేదు, రైలు టికెట్టు మిగిల్చాడు, అంతే.

మరి అసలు శిక్షణ ఇవ్వాల్సిన చోటేమైంది? 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకొకటి చొప్పున జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, అదే డైట్‌లు, పెట్టారు. కరీంనగర్‌కు ఒకటుంది, ఆదిలాబాద్‌కు ఒకటుంది. భవనముంది, బోర్డుంది, డీసెట్ రాసి వచ్చిన పిల్లలున్నారు. లెక్చరర్లు ఏరి అని అడిగితే ఖాళీ కుర్చీలు చూపిస్తారు. ఏళ్ళ తరబడి పోస్టులు నింపకుండా, బడుల్లోని సార్లను డెప్యుటేషన్ మీద లాక్కొచ్చి బండి నడిపిస్తున్నారు. టీచర్లను తయారుచేసే సంస్థకు టీచర్లు లేరు. దీనికి పరిష్కారంగా ఎవరైనా పెద్దాయన డైట్‌నే ఆన్‌లైన్ చేద్దామంటాడేమోనని నా భయం. ఈ వాక్యం రాసి ఆయనకు దారి చూపించానేమో.

సరే, కష్టపడి కాలేజీకి పోయి, రెండేళ్ళు నిజంగా చదివిన పిల్ల సంగతి చూద్దాం. 2018 జూన్‌లో ఎన్‌సీటీఈ బీఈడీ వాళ్ళు కూడా ప్రాథమిక బడుల్లో చెప్పొచ్చంది, తర్వాత ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలంది. అంతే, డీఈడీ కాలేజీలు చిక్కిపోయాయి. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది కుదరదని, చిన్నపిల్లలకు డీఈడీ వాళ్ళే చెప్పాలని అంది. అంతే, బీఈడీ చేసినవాళ్ళు చేతిలో పట్టాతో ఏ కౌంటరు ముందు నిలబడాలో తెలియక చూస్తున్నారు. అప్పటికే ఉద్యోగాల్లో చేరిపోయిన బీఈడీ వాళ్ళకు ఎన్‌ఐఓఎస్ 2025లో బ్రిడ్జి కోర్సు ప్రకటించింది. 2018లో మాటిచ్చిన వంతెనకు 2025లో రాయి పడింది. మన వాగుల మీది వంతెనలతో పోలిస్తే ఇది వేగమే.

ఆపైన టీచరు అర్హత పరీక్ష, టెట్. 150 మార్కులు, రెండున్నర గంటలు, మీట నొక్కే పరీక్ష. ఒక పేపరుకు 400 ఉన్న ఫీజు 2024లో 1,000 అయింది, రెండూ రాస్తే 2,000. నిరుద్యోగుల నోళ్ళు లేచాక అదే ఏడాది చివర 750కి, రెంటికీ కలిపి 1,000కి దిగింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు సర్వీసులో ఉన్నవాళ్ళు కూడా, ఇంకా అయిదేళ్ళకు మించి ఉద్యోగం మిగిలి ఉంటే, రెండేళ్ళలో టెట్ పాసవ్వాల్సిందేనంది. ఇప్పుడు తల నెరిసిన సార్లు కూడా రాత్రిళ్ళు చెవుల్లో వైర్లు పెట్టుకుని యాప్‌లో పియాజేను వింటున్నారు. పాపం పియాజేకు ఇన్నేళ్ళలో మా జిల్లాలో ఇంత గిరాకీ ఎప్పుడూ లేదు.

టీచరు పోస్టులు నింపే డీఎస్సీ వస్తే గదా అసలు ఆట. 2017 నోటిఫికేషన్ 8,792 పోస్టులకు వచ్చింది. ఆ తర్వాత 2023లో ఒకటి వచ్చి రద్దయింది. 2024లో 11,062 పోస్టులకు వస్తే రెండు లక్షల డెబ్బై వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఈ ఏడేళ్ళలో కరీంనగర్ మంకమ్మతోటలో అద్దె గదులు, మెస్సులు, జిరాక్స్ షాపులు బతికాయి, వాటికి ఏ టెట్టూ అక్కర్లేదు. 2008 డీఎస్సీలో అన్యాయమైపోయామని తిరిగిన బీఈడీ వాళ్ళకు 2025లో కాంట్రాక్టు ఉద్యోగాలిచ్చారు. పదిహేడేళ్ళు. నోటిఫికేషన్ నాడు పుట్టిన బిడ్డ ఇంటర్ చదువుతుండగా తండ్రి టీచరయ్యాడు. ఇంత ఓపిక నేర్పే కోర్సు ఏ యాప్‌లోనూ లేదు.

ఇదంతా చూసి, అసలు ఈ నేల మీద టీచర్లను తయారుచేయడం ఎవరికీ ఎప్పుడూ చేతకాలేదేమో అనుకుంటారు. చేతనైంది. జైనూరు మండలంలోని మార్లవాయిలో చేతనైంది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని వాళ్ళ నడుమే ఉన్నాడు. 1943లో అక్కడే గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటికి గోండుల్లో చదువుకున్నవాళ్ళే వేళ్ళ మీద లెక్క. కాస్తో కూస్తో మరాఠీ అక్షరం పట్టుబడ్డ యువకులను పోగుచేసి, వాళ్ళ చేతే వాళ్ళ పిల్లలకు చెప్పించారు. మరాఠీ చదవగలిగినవాళ్ళే దొరికారు గనక దేవనాగరి లిపిలో గోండి వాచకాలు అచ్చువేశారు. కరెంటు లేదు, రోడ్డు లేదు, బ్యాడ్జి లేదు. పాఠం చెప్పేవాడికీ వినేవాడికీ ఒకటే భాష ఉంది, ఎదురెదురుగా కూర్చోవడం ఉంది. సంస్థానం పోయాక, జాతి నిర్మాణం జోరులో గోండి వాచకాలు అటకెక్కాయి. మనం నాగరికులమయ్యాం.

ఇప్పుడు అదే ఏజెన్సీలో, నార్నూరులోనో గాదిగూడలోనో తిర్యాణిలోనో, ఒకటో తరగతిలో గోండి పిల్ల కూర్చుంటుంది. పక్కన కొలామి పిల్లవాడు. వెనక లంబాడీ పాప, మరాఠీ పాప. ఎదురుగా తెలుగు వాచకంతో టీచరు. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే అన్న 2000 సంవత్సరపు జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆశ్రమ పాఠశాలల్లో ఆ పిల్లల భాష తెలిసిన సీఆర్టీ టీచర్లు ఏళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉండి, జీతం కోసం ఉట్నూరు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ముందు టెంటు వేసుకుంటారు. అక్కడి టీచరుకు కావాల్సిన శిక్షణ ఒకటే: 'నీళ్ళు' అనే మాట ఆ పిల్ల ఇంట్లో ఏమంటారో తెలియడం. ఆ పాఠం ఏ యాప్‌లోనూ లేదు. ఉన్నా అక్కడ సిగ్నల్ లేదు. వీడియో చూడాలంటే గుట్టెక్కాలి, గుట్టెక్కితే పిల్లలు కింద ఉంటారు. ఆన్‌లైన్ శిక్షణ అంటే ఏమిటో ఆ గుట్ట మీద నిలబడినవాళ్ళకు అర్థమైనంతగా ఢిల్లీలో ఎవరికీ కాదు.

మా వదినె దగ్గరికి వద్దాం. ఆమె సర్టిఫికెట్టును లామినేషన్ చేయించి, మంచి చీర కట్టుకుని, ఒక ప్రైవేటు బడికి ఇంటర్వ్యూకు పోయింది. ప్రిన్సిపాల్ సర్టిఫికెట్టు చూడలేదు. అడిగిన ప్రశ్నలివి: ఏ వాడకట్టులో ఉంటరు? అక్కడ చిన్నపిల్లలున్న ఇండ్లెన్ని? ఎండాకాలం అడ్మిషన్ల కోసం ఇంటింటికి తిరుగుతరా? ఎంతమందిని తెస్తరు? బస్సులో డ్యూటీ చేస్తరా, వాంతి చేసుకునే పిల్లలుంటరు? పియాజే ఊసే లేదు. పిల్లలుండే సంగతులన్నీ ఆ ఇంటర్వ్యూలోనే మొదటిసారి వినబడ్డాయి. ఆ బడి ఆమెకు శిక్షణ ఇవ్వబోతోందన్నమాట, ఫీజు లేకుండా, అప్పుడప్పుడు జీతం కూడా లేకుండా. జీతమెంతంటే చిన్న బడుల్లో అడ్డా మీది మేస్త్రీకి పది రోజుల్లో వచ్చేంత. అదీ పది నెలలకే, ఎండాకాలం సెలవులకు ఇవ్వరు, ఆ సెలవుల్లోనే ఇంటింటికి తిప్పుతారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు బడిలో పెట్టాలన్నారు, మధ్యలో మానేసి పోకుండా. డిగ్రీ మెమోలు తీసుకున్నారు. ఆన్‌లైన్ సర్టిఫికెట్టు మాత్రం తిరిగిచ్చేశారు.

ఆమె ఇంకా ఒప్పుకోలేదు, ఆలోచిస్తానని వచ్చింది. ఆ సాయంత్రమే యాప్ నుంచి ఫోను.

'మేడం, కోర్సు మంచిగ పూర్తి చేసిన్రు. మా దగ్గర జాయిన్ అయితరా?'

'టీచర్‌గానా సార్?'

'అకడమిక్ కౌన్సెలర్ మేడం. ఇంట్లనే ఉండి చెయ్యొచ్చు. మన కోర్సు గురించి ఫోన్ల చెప్పాలె. ఒక్కో అడ్మిషన్‌కు కమీషన్.'

'మరి పిల్లలుంటరా సార్?'

'పిల్లలెందుకు మేడం, టార్గెట్లుంటయ్.'